ఒకే ప్రాంగణం, ఒకే జి

మా యూనివర్సిటీ ఫిజిక్సు ల్యాబులో ఏ ప్రయోగమూ చెడిపోదు. ప్రయోగం మొదలుపెట్టక ముందే ఫలితం అందరికీ తెలిసి ఉండటమే దీనికి కారణం. విద్యార్థి ముందు చివరి పేజీలో ఫలితం రాసుకుంటాడు. అక్కణ్ణుంచి లెక్కను వెనక్కి నడిపించుకుంటూ వస్తే రీడింగులు వాటంతటవే వస్తాయి. నిజంగా తీసినట్టు కనిపించాలి కాబట్టి ఒకటి రెండు చోట్ల కొట్టేసి పక్కన దిద్దుతాడు. ఎక్కడ కొట్టెయ్యాలో కూడా సీనియర్లే చెబుతారు. ఇంత నమ్మకంగా పనిచేసే ల్యాబు దేశంలో ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

నేను అక్కడ కాంట్రాక్టు లెక్చరర్ని. పేరు కనకలింగం. ఏటా వేసవిలో నా ఉద్యోగం పోతుంది. రిజిస్ట్రారు గారికి దయ కలిగితే వానల్లో మళ్ళీ వస్తుంది. అందుచేత ఏ కమిటీలో వేసినా కాదనే అలవాటు నాకు లేదు.

ఎమ్మెస్సీ వాళ్ళకు కూడా మా దగ్గర లోలకమే ముఖ్యమైన ప్రయోగం. ఇత్తడి గుండుకు దారం కట్టి ఊపి, అది ఒకసారి అటు పోయి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుందో చూసి, భూమి మనల్ని ఎంత గట్టిగా కిందికి లాగుతోందో కట్టే లెక్క అది. ఆ లాగుడు కొలతను జి అంటారు. అంత పెద్ద చదువుకు ఇంత చిన్న ప్రయోగమేమిటని అడక్కండి. స్పెక్ట్రోమీటర్లు రిపేరుకు వెళ్ళాయి. లేజరు మంత్రిగారి ప్రారంభోత్సవం కోసం రిబ్బను కట్టుకుని కూర్చుంది. గుండూ, దారమూ మాత్రం రిపేరుకు వెళ్ళవు. పాఠ్యపుస్తకంలో జి విలువ 981. కొలతల పేర్ల జోలికి ఇక్కడ పోనక్కర్లేదు, అంకె గుర్తుంటే చాలు.

గొడవ యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే బృందంతో మొదలైంది. ఆ బృందంలో ఒక పెద్దాయన ల్యాబులో ఇద్దరు పిల్లల్ని పిలిచి జి ఎంత వచ్చిందని అడిగాడు. ఒకడు 981 అన్నాడు. రెండోవాడు ఆ వారం జ్వరం వచ్చి సీనియర్లను కలుసుకోలేకపోయాడు, పాపం 977 అన్నాడు. పెద్దాయన ముచ్చటపడి ‘ఇక్కడ విద్యార్థులకు వేర్వేరు ఫలితాలు వస్తున్నాయి’ అని నివేదికలో రాసి వెళ్ళాడు. మెచ్చుకుంటూ రాశాడని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. గ్రేడు మాత్రం తగ్గింది. కప్పు కారే హాస్టలూ, పుస్తకాలు లేని లైబ్రరీ అందుకు కారణమని అదే నివేదికలో ఉంది గానీ, అంత దూరం చదివిన అధికారి ఎవరూ లేరు.

వైస్ ఛాన్సలర్ మహీధరం గారు కామర్సు ఆచార్యులు. అత్యవసర సమావేశం పెట్టారు.

“ఒక ఫ్యాక్టరీలో తయారయ్యే సబ్బులన్నీ ఒకే బరువు ఉంటాయా, ఉండవా?” అని అడిగారు.

“ఉంటాయి సార్,” అన్నారు మా హెడ్డు చిదంబరయ్య గారు.

“మరి మన ప్రాంగణంలో తయారయ్యే జి ఒక్కొక్కడి దగ్గర ఒక్కో రకంగా ఉండటమేమిటండీ? తల్లిదండ్రులకు ఏం సమాధానం చెప్పమంటారు?”

నేను నోరు ఊరుకోక, “ప్రయోగమన్నాక కాస్త తేడా వస్తుందండి. ఎంత తేడా వస్తోందో చెప్పుకోవడం కూడా ప్రయోగంలో భాగమే,” అన్నాను.

వీసీ గారు కళ్ళజోడు పైకి నెట్టి నావైపు చూశారు. “మీరు రెగ్యులరా?”

“కాంట్రాక్టండి.”

“అదీ సంగతి,” అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ‘ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునదేమనగా, నాణ్యతా ప్రమాణముల పరిరక్షణ దృష్ట్యా విశ్వవిద్యాలయ పరిధిలో జి విలువ 981గా ఖరారు చేయడమైనది. ఇందుకు భిన్నమైన విలువ పొందుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును. ప్రాంగణమున జి ముద్రించు, రాయు, చెక్కు సందర్భములన్నింటను ఇదే విలువ వాడవలెను.’ గేటు దగ్గర ‘ఒకే ప్రాంగణం, ఒకే జి’ అని బ్యానరు కట్టారు. అదే నినాదం ఉన్న బనియన్లు తొడిగి పిల్లల్ని రోడ్డు మీద పరిగెత్తించారు. వ్యాయామ విద్య డైరెక్టరు గారు జెండా ఊపుతూ, జి పట్ల యువతలో అవగాహన పెరగాలని ఆకాంక్షించారు.

తేడా నిర్మూలనా సంఘం అని ఒకటి వేసి నన్ను కన్వీనర్ని చేశారు. మొదట్లో మా పని తేలికగానే ఉండేది. 981 రానివాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంజాయిషీలు గుట్టలు పడేసరికి, అసలు గుండును ఊపబట్టే కదా ఈ తేడాలన్నీ వస్తున్నాయని రిజిస్ట్రారు పాండురంగం గారు కనిపెట్టారు. ఆయన బుర్ర అలాంటిది. గుండ్లన్నీ బీరువాలో పెట్టి సీలు వేశాం. పరీక్ష రోజున మాత్రం బయటి ఎగ్జామినరుకు చూపించడానికి ఒక గుండు బల్ల మీద పెట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చాం. తర్వాత పరీక్షల విభాగం వాళ్ళు ఒక సాఫ్ట్‌వేరు కొన్నారు. విద్యార్థి ఫలితం 981 కాకపోతే అది మార్కులు తీసుకోదు, ఎర్రగా వెలుగుతుంది.

ఇంత మంచి పథకాన్ని ల్యాబుకే పరిమితం చేయడం అన్యాయమని దాన్ని పరిశోధనకు కూడా విస్తరించారు. గాజు మీద ఏళ్ళ తరబడి పనిచేసి రహమతుల్లా అనే కుర్రాడు థీసిస్ పట్టుకొచ్చాడు.

“మీ ఫలితానికి ప్రామాణిక విలువ ఎంత?” అన్నారు పాండురంగం గారు.

“ఇంతకుముందు ఎవరూ కొలవలేదు సార్. నేనే మొదలు.”

“అంటే సరిచూసుకోవడానికి ఏమీ లేదు.”

“లేదు సార్. అందుకే కదా పరిశోధన...”

“తేడా నూటికి నూరు శాతమన్నమాట,” అని పాండురంగం గారు రాసుకున్నారు.

థీసిస్ వెనక్కి ఇచ్చారు. ఇదివరకే రుజువైన విషయమేదైనా కనిపెట్టమని సలహా కూడా ఇచ్చారు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని రహమతుల్లా ఇప్పుడు నిరూపిస్తున్నాడు. పని చురుగ్గా సాగుతోందని విన్నాను.

అంతా ఇలా సవ్యంగా నడుస్తూ ఉండగా ఎమ్మెస్సీ ఆఖరి ప్రాక్టికల్స్‌లో ఎస్తేరు అనే అమ్మాయి గుండును ఊపింది.

ఎస్తేరు రేపల్లె వైపు పిల్ల. తండ్రి తాపీ మేస్త్రీ. బెంగుళూరులో ఒక పెద్ద పరిశోధనా సంస్థ ఇంటర్వ్యూ చేసి ఆ అమ్మాయికి సీటిచ్చింది. మా దగ్గర నుంచి అలాంటి చోటికి అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. ఆగస్టు నెలాఖరులోగా ఎమ్మెస్సీ పాసైనట్టు సర్టిఫికెట్ చూపించాలి, అంతే. రాతపరీక్షలన్నీ బాగా రాసింది. మిగిలింది ఈ లోలకం ఒక్కటే.

పక్కవాళ్ళంతా వెనక్కి లెక్క కట్టుకుని కాఫీకి వెళ్ళిపోయారు. ఈ అమ్మాయి చూపించడానికి పెట్టిన గుండును తీసి, కప్పు కొక్కేనికి పొడుగాటి దారం కట్టి, ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించి, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి ఊపుతూ కూర్చుంది. చెమటలు కక్కుతూ ఎగ్జామినరు బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి 978.4 అని రాసిచ్చింది. దాని పక్కనే, ఇందులో కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, సుమారుగా ఇంత అని కూడా రాసింది.

చిదంబరయ్య గారికి చెమట పట్టింది, ఫ్యాను వేశాక కూడా. “అమ్మాయ్, ఎనిమిదిని ఒకటి చెయ్యి, ఏడును ఎనిమిది చెయ్యి, పాయింటు నాలుగు కొట్టెయ్యి. పెన్ను నేనిస్తాను.”

“చూశాక ఎలా మార్చను సార్?”

సాఫ్ట్‌వేరు ఎర్రగా వెలిగింది. ఎస్తేరు ఫెయిలైంది. వీసీ గారి గదిలో విచారణ పెట్టారు. కన్వీనర్ని కాబట్టి నేనూ ఉన్నాను.

“ఏమ్మా, అందరికీ 981 వస్తుంటే నీ ఒక్కదానికే ఎందుకు తగ్గింది?” అన్నారు వీసీ గారు.

“నా ఒక్కదానికే కాదు సార్. ఇక్కడ అందరికీ అంతే. భూమి నడుం దగ్గర కాస్త ఉబ్బుగా ఉంటుంది, తిరిగే జోరు కూడా అక్కడే ఎక్కువ. అందుకని నడుముకు దగ్గరున్న ఊళ్ళలో లాగుడు కొంచెం తగ్గుద్ది. పుస్తకంలో ఉన్నది లండన్ వైపు లెక్క సార్.”

“ఉంటే ఉండనీ. ఉత్తర్వు ప్రకారం రాయడానికి నీకేమిటి అభ్యంతరం?” అన్నారు పాండురంగం గారు.

“మా నాన్న మేస్త్రీ సార్. గోడ వంకరొస్తే పడగొట్టి మళ్ళీ కడతాడు. గోడ నిలువు చూసే గుండుని మార్చడు.”

అమ్మాయి పని అయిపోయిందనుకున్నాను. కానీ వీసీ గారు ఆ మాట వినలేదు. ఆయన అంతకుముందు మాట దగ్గరే ఆగిపోయారు.

“ఉండండుండండి. లండన్ వాళ్ళకు 981, మనకు తక్కువా?”

“అవును సార్.”

“ఢిల్లీలో?”

“979 దాటి ఉంటుంది సార్.”

వీసీ గారు కుర్చీలోంచి లేచారు. “చూశారా! అక్కడ కూడా మనకంటే ఎక్కువే! ఇన్నేళ్ళ నుంచీ మన ప్రాంతానికి ఇంత అన్యాయం జరుగుతుంటే ఫిజిక్సు డిపార్ట్‌మెంటు ఏం చేస్తోందండీ?”

చిదంబరయ్య గారు తల వంచుకుని, డిపార్ట్‌మెంటులో ఖాళీలు భర్తీ చేయలేదని మనవి చేసుకున్నారు.

ఆ వారంలోనే మా ప్రాంగణం వేడెక్కింది. గేటు పక్కన షామియానా వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. ‘మా జి మాకివ్వాలి’ అని విద్యార్థి సంఘాలు రాస్తారోకో చేశాయి. జి తక్కువ కావడం వల్ల మన మామిడికాయలు ఆలస్యంగా రాలి రైతు ఎలా నష్టపోతున్నాడో ఎకనామిక్సు వాళ్ళు సెమినారు పెట్టి తేల్చారు. బోధనేతర సిబ్బంది సంఘం ఈ లోటును తమ జీతాల్లో సర్దుబాటు చేయాలని డిమాండు చేసింది. లోటు భర్తీకి ప్రత్యేక ప్యాకేజీ ఇవ్వాలంటూ వీసీ గారి నాయకత్వంలో ఒక బృందం శాలువాలతో, పూతరేకులతో ఢిల్లీ వెళ్ళింది.

ఢిల్లీ వాళ్ళు పూతరేకులు తిని, ఆధారాలు పంపమన్నారు.

అప్పుడు వచ్చిపడింది చిక్కు. ఎన్నేళ్ళ ఫలితాలు తిరగేసినా మా దగ్గర అందరి జి 981. పాండురంగం గారు నెత్తిన చేతులు పెట్టుకుని, “ఈ లెక్కన మనకు లోటే లేదే!” అని వాపోయారు. మా ప్రాంతానికి అన్యాయం జరిగిందనడానికి మొత్తం యూనివర్సిటీలో ఒకే ఒక్క సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యాన్ని మేం ఫెయిలు చేసి పంపించాం.

కారు పంపి రేపల్లె నుంచి ఎస్తేరును పిలిపించారు. తండ్రి కూడా వచ్చాడు. సిమెంటు చేతులు కడుక్కోవడానికి కూడా వ్యవధి ఇచ్చినట్టు లేదు. వీసీ గారు ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

“అమ్మా, నువ్వు ఈ ప్రాంతపు ఆడపడుచువి. నీ కొలతే మనకు ఆధారం. కాకపోతే 978 అంటే లోటు మరీ చిన్నదిగా కనిపిస్తోంది. దానికి ప్యాకేజీ ఏమొస్తుంది? 950 అని రాసియ్యి. ఫస్టు క్లాసు నేను చూసుకుంటాను, ఈ సాయంత్రమే సర్టిఫికెట్.”

నేను ఎస్తేరు ముఖం చూడలేక ఆమె తండ్రి ముఖం చూశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి కూతురి వైపు చూశాడు.

“మళ్ళీ కొలవమంటే కొలుస్తాను సార్. ఎంతొస్తే అంత,” అంది ఎస్తేరు.

కొలిచింది. ఈసారి మా అందరి ఎదుటా. 978.4 వచ్చింది.

“ఈ పిల్లకు పట్టింపు ఎక్కువ,” అన్నారు పాండురంగం గారు. “పైకీ రాదు, కిందికీ రాదు.” చివరికి 950 అంకెను సంఘం కన్వీనరు హోదాలో నా చేత ధ్రువీకరించి పంపాలని చూశారు. నా పెన్నులో సిరా అయిపోయిందన్నాను. ఆయన తన పెన్ను ఇవ్వబోతే, నాకు చేతివేళ్ళు వాచాయన్నాను. వచ్చే వేసవిలో పోయాక నా ఉద్యోగం ఇక తిరిగి రాదని అప్పుడే అర్థమైంది. ఆ కాగితం చిదంబరయ్య గారి సంతకంతో వెళ్ళింది.

ఢిల్లీ నుంచి ఇద్దరు నిపుణులు ఒక యంత్రం పట్టుకొచ్చారు. ల్యాబులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని కొలిచి, 978.4 అన్నారు. యూనివర్సిటీ వారి 981, యూనివర్సిటీ వారి 950 రెండూ నమ్మదగినవి కావనీ, ఇక్కడ సరిగ్గా కొలిచింది ఎస్తేరు అనే విద్యార్థిని ఒక్కతేననీ రాశారు. ఇది ప్రకృతి ధర్మం కాబట్టి ప్యాకేజీ రాదని కూడా రాశారు.

వీసీ గారు పెద్ద మనసున్న మనిషి. ప్యాకేజీ పోయినందుకు బాధపడలేదు. ‘జాతీయ స్థాయిలో మెరిసిన మన విద్యార్థిని’ అంటూ ల్యాబు గుమ్మానికి ఎస్తేరు ఫొటోతో బ్యానరు కట్టించారు. ఫొటోలో ఎస్తేరు చిన్నగానూ, వీసీ గారు పెద్దగానూ ఉన్నారు. సన్మాన సభ పెట్టి శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. చెక్క పీట మీద ఇత్తడి గుండు, చక్కగా మెరుస్తోంది. దాని మీద ‘జి = 981’ అని చెక్కి ఉంది. ప్రాంగణంలో చెక్కే సందర్భాలన్నింటికీ అదే విలువ కదా.

ఎస్తేరు మైకు ముందుకొచ్చి, “సార్, నెలాఖరు దగ్గరపడింది. నా పాస్ సర్టిఫికెట్...” అంది.

“వేదిక మీద పరిపాలనా విషయాలు వద్దమ్మా,” అన్నారు వీసీ గారు ఆప్యాయంగా. జనం చప్పట్లు కొట్టారు.

దిగాక పాండురంగం గారు వివరించారు. ప్రకటించిన ఫలితాన్ని మార్చే నిబంధన లేదు. సప్లిమెంటరీ రాసుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. “శాలువా కప్పింది దేనికండీ మరి?” అని అడిగాను. “అది సాంస్కృతిక విభాగం. ఇది పరీక్షల విభాగం,” అన్నారాయన.

సప్లిమెంటరీ రోజున ల్యాబులో ఎస్తేరు ఒక్కతే. లోపలి ఎగ్జామినర్ని నేను. వెనకటి అనుభవం దృష్ట్యా, చూపించడానికి కూడా గుండు పెట్టరాదని కొత్త ఉత్తర్వు వచ్చింది. బల్ల మీద తెల్ల కాగితాలు తప్ప ఏమీ లేవు. ఎస్తేరు కాసేపు బీరువా సీలు వైపు చూసింది. తర్వాత సంచిలోంచి జ్ఞాపిక తీసింది. పీట మర విప్పి, ఇత్తడి గుండును విడదీసి, దారం కట్టింది. నేను లేచి ఫ్యాను ఆపాను, కిటికీలు మూశాను.

‘981’ అని చెక్కిన గుండు సాయంత్రం దాకా నా కళ్ళ ముందు అటూ ఇటూ ఊగింది. లెక్క కడితే 978.4.

నూటికి నూరు మార్కులు వేశాను. సాఫ్ట్‌వేరు ఎర్రగా వెలిగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ వెలిగింది. పాండురంగం గారి దగ్గరికి పరిగెత్తాను.

“కేంద్రం వాళ్ళు కూడా అదే అన్నారు కదండీ! ఆ పిల్ల సీటు పోతుందండీ!”

“నేను కాదంటున్నానా? సాఫ్ట్‌వేరు ఒప్పుకోవడం లేదు. విలువ మార్చాలంటే పాలక మండలి తీర్మానం కావాలి. పాలక మండలి దసరా తర్వాత కూర్చుంటుంది.”

ఆగస్టు అయిపోయింది. బెంగుళూరు వాళ్ళు రెండుసార్లు గడువు పొడిగించి, ఆఖరికి విచారం తెలియజేశారు. దసరా తర్వాత కూర్చున్న పాలక మండలి ఒకే ప్రాంగణం, ఒకే జి పథకాన్ని మరో అయిదేళ్ళు కొనసాగించింది. ఆ ఏడు మా గ్రేడు కూడా పెరిగింది. బ్యానరు మాత్రం ఇంకా ల్యాబు గుమ్మానికే ఉంది, ఎండకు వెలిసి ఎస్తేరు ముఖం కనబడటం మానేసింది.

ఇప్పుడు నేను ఒక కోచింగు సెంటర్లో చెబుతున్నాను. ఎస్తేరు కూడా ఇక్కడే, నా పక్క గదిలో. ఏడాది ఆగి మళ్ళీ బెంగుళూరు ఇంటర్వ్యూకు వెళతానంటుంది. మళ్ళీ సప్లిమెంటరీ కూడా కట్టింది. ఇక్కడ లోలకాలూ, గుండ్లూ లేవు. లెక్క తొందరగా తేలాలని సెంటీమీటర్లను మీటర్లు చేసి, జి పది అని చెప్పమన్నారు. నేను పది అనే చెబుతున్నాను.

ఎస్తేరు మాత్రం పది అన్న ప్రతిసారీ ముందు ‘సుమారుగా’ అంటుంది. దానివల్ల పిల్లల ఆత్మవిశ్వాసం దెబ్బతింటోందనీ, ఆ మాట వెంటనే మానుకోవాలనీ మొన్న యాజమాన్యం మెమో ఇచ్చింది. ఆమె ఆ మెమో చదివి మడిచి సంచిలో పెట్టుకోవడం చూశాను.

ఇవాళ పొద్దున నేను పాఠం ఆపి గోడకు చెవి పెట్టాను.

“సుమారుగా పది,” అంటోంది, గట్టిగా.